పటం, బొమ్మ, గవ్వ: కథను నడిపే సామగ్రి – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

కథకుడి చేతిలోని వస్తువులను మన జానపద విమర్శ ఎక్కువగా చిత్రకళగానో, ఆహార్యంగానో చూసింది. కథ నడుస్తున్నప్పుడు ఆ వస్తువులు ఏ పని చేస్తున్నాయన్న ప్రశ్నకు దక్కిన చోటు తక్కువ. ఉమ్మడి వరంగల్లు జిల్లాకు చెందిన చేర్యాల పటాన్ని, మందహెచ్చులవారి బొమ్మలను, మన ఇళ్ళలోని గవ్వల ఆటలను తీసుకుని, బల్ల చుట్టూ కూర్చుని ఆడే నేటి పాత్రధారణ క్రీడల సామగ్రి పక్కన పెట్టి ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ క్రీడలు మనకు ముందే ఉన్నాయని నిరూపించడం ఉద్దేశం కాదు.

కీలక పదాలు: చేర్యాల పటం, మందహెచ్చులు, కాటమరాజు కథ, ఖడ్గతిక్కన, గవ్వలు, పాత్రధారణ క్రీడ, నిర్వహణ సామగ్రి.

1. ప్రస్తావన

వరంగల్లులో పీజీ విద్యార్థులకు జానపద సాహిత్యం బోధించేటప్పుడు పటం కథల పాఠం రాగానే తెరమీద చేర్యాల పటం ఛాయాచిత్రం చూపడం అలవాటు. విద్యార్థులు ఎర్రని నేపథ్యం గురించి అడుగుతారు, రంగులు వేటితో చేస్తారని అడుగుతారు, ఇప్పుడు ఎన్ని కుటుంబాలు ఈ పని చేస్తున్నాయని అడుగుతారు. ఒక సంవత్సరం ఒక విద్యార్థి వేరే ప్రశ్న వేశాడు. కథంతా కథకుడికి నోటికి వచ్చు, వినేవాళ్ళకూ తెలుసు, మరి పటం దేనికి అన్నాడు. చదువురాని జనానికి బొమ్మలతో చెబితే సులభంగా అర్థమవుతుందని పాఠ్యపుస్తకాల్లో ఉండే సమాధానమే చెప్పాను. తెలిసిన కథ అర్థం కావడానికి బొమ్మ ఎందుకని అతడు మళ్ళీ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ విద్యార్థి హైదరాబాదులోని మిత్రులతో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాడని తరువాత తెలిసింది. ఆ ఆటను నడిపేవాడికి ఏయే వస్తువులు కావాలో, ఏవి అనవసరమో వాళ్ళు తరచుగా వాదించుకుంటారట. వస్తువు అందంగా ఉందా అన్న దగ్గర వాళ్ళ వాదం ఆగదు, ఆటలో ఏం పని చేస్తుందన్న దాకా వెళుతుంది. మన పరిశోధనలో లోపించిన ప్రశ్న సరిగ్గా అదే అనిపించింది.

2. కొత్త ఆట, దాని సామాను

ఈ ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం కొన్ని మాటలు చెప్పాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా వెలువరించారు. దీనికి పూర్వరూపం చిన్నచిన్న సైనికుల బొమ్మలను బల్లమీద నిలిపి ఆడే యుద్ధక్రీడ. దాని మూలాలు 19వ శతాబ్ది ఆరంభంలో ప్రష్యా సైన్యాధికారుల శిక్షణకు వాడిన క్రీగ్‌ష్పీల్ దాకా వెళతాయి. గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన ప్రధానమైన మార్పు ఒకటి. ఆటగాడు సైన్యాన్ని నడపడం మాని ఒకే పాత్రను ధరిస్తాడు. నలుగురైదుగురు తమతమ పాత్రల తరఫున ఏం చేస్తారో నోటితో చెబుతారు. వారి ఎదుట కూర్చున్న మరొకరు లోకాన్ని వర్ణిస్తారు, మిగిలిన పాత్రలన్నీ తామే అవుతారు, అనుమానం వచ్చిన చోట తీర్పు చెబుతారు. ఫలితం తేలని చోట పాచిక వేస్తారు.

ఆ ఎదుటి మనిషిని తెలుగులో ఏమనాలి? సూత్రధారి అన్న మాట వెంటనే స్ఫురిస్తుంది. కానీ సూత్రధారికి నాటకం ముగింపు తెలుసు, ఇతడికి తెలియదు. నాకు ఆటపెద్ద అన్న మాట నచ్చింది. పెద్ద అనగానే తీర్పు చెప్పే బాధ్యత, నలుగురినీ కూర్చోబెట్టుకునే ఓపిక రెండూ ధ్వనిస్తాయి. ఈ వ్యాసంలో ఆ మాటే వాడుతున్నాను.

ఆటపెద్ద సామాను సంగతికి వస్తే, అది ఇవాళ పెద్ద వ్యాపారం. ఇరవై ముఖాల పాచిక మొదలుకొని నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు ముఖాల పాచికలు, పాత్ర వివరాల పత్రం, గళ్ళు గీసిన పటం, పాత్రల చిన్నబొమ్మలు, ఆటపెద్ద రాతలను ఇతరులు చూడకుండా నిలబెట్టే అట్టతెర, కాలం కొలిచే గడియారం ఉంటాయి. గళ్ళ పటంలో ఒక అంగుళం గడిని 5 అడుగుల నేలగా లెక్కించడం వాడుక. వీటికి తోడు పాచికల పళ్ళాలు, తోలు సంచులు, నేపథ్య సంగీతం. ఈ రెండో వరుసలో చాలా భాగం అలంకారమే. ఆట నడవడానికి కాగితం, పెన్సిలు, పాచిక, నలుగురూ చూడగల ఒక పటం చాలని నా అభిప్రాయం. ఒక్క మినహాయింపు ఉంది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు అనే చిన్న చీటీని బల్ల మధ్యలో ఉంచుతారు. కథ ఎవరికైనా భరించరాని చోటికి పోతే వారు ఆ చీటీని తాకుతారు. కారణం అడగకుండా ఆటపెద్ద ఆ సంఘటనను పక్కన పెడతాడు. ఖర్చు లేని ఈ చీటీ ఖరీదైన బొమ్మలకంటే ఎక్కువ పని చేస్తుంది.

3. ఆహార్యమా, సామగ్రియా?

మన అలంకారికుల పరిభాషలో ఈ వస్తువులకు స్థానం ఎక్కడ? నాట్యశాస్త్రం ఆహార్యాభినయాన్ని పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు విధాలుగా విభజించింది. కొండలు, విమానాలు, ఆయుధాల వంటి కృత్రిమ వస్తువులు పుస్తంలోకి వస్తాయి. పటాన్నీ బొమ్మనూ కూడా పుస్తంలో చేర్చవచ్చుననిపిస్తుంది. కానీ అక్కడొక తేడా ఉంది. ఆహార్యం ప్రేక్షకుడు చూడడానికి ఉన్నది. ఆటపెద్ద అట్టతెర ఎవరూ చూడకుండా ఉండడానికి ఉన్నది. పాత్ర వివరాల పత్రం జ్ఞాపకం కోసం, గడియారం వేగం కోసం ఉన్నాయి. ఇవి దేన్నీ అభినయించవు. కాబట్టి ఈ పని చేసే వస్తువులను నిర్వహణ సామగ్రి అని వేరుగా పిలవడం మంచిది. ఒకే వస్తువు ఆహార్యమూ కావచ్చు, నిర్వహణ సామగ్రీ కావచ్చు. అటువంటి చోటనే విమర్శకు పని ఎక్కువ.

క్రీడాభిరామంలో ఇందుకు ఒక మంచి ఉదాహరణ దొరుకుతుంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ, ఒక స్త్రీ వాద్యం వాయిస్తూ ద్విపదలో వీరుల కథ పాడడం చూస్తారు. ఆమె పలికే ప్రతి అక్షరానికీ కుర్రవాళ్ళు ఊగిపోతూ ఉంటారు. ఈ పద్యాన్ని మనం సాధారణంగా వీరగాథల ప్రాచీనతకు సాక్ష్యంగా ఉదహరిస్తాం. వాద్యం మీద దృష్టి పెట్టి చదివితే వేరే సంగతి కనబడుతుంది. వాద్యం ఎక్కడ ఆగితే కథ అక్కడ ఆగుతుంది, ఎక్కడ వడి పెంచితే విన్నవాడి ఊపిరి అక్కడ వడి పెంచుతుంది. పక్కవాద్యం అన్న మాట దాని పనిని తక్కువ చేసి చెబుతున్నది.

4. పటం ఒక చుట్ట

చేర్యాల 2016 జిల్లాల పునర్విభజన తరువాత సిద్దిపేట జిల్లాలో చేరినా, సాహిత్య చర్చల్లో ఇప్పటికీ వరంగల్లు ప్రాంతపు కళగానే వ్యవహారంలో ఉంది. నకాశీలు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతలు పూసి, ఆరిన తరువాత దాని మీద చిత్రిస్తారు. ఉరమరగా 3 అడుగుల వెడల్పు, కథను బట్టి 40 అడుగులకు పైబడిన పొడవు కూడా ఉంటుంది. పూల అంచులతో వేరుచేసిన అడ్డపట్టీల్లో సంఘటనలు ఒకదాని కింద ఒకటి సాగుతాయి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ, భావనాఋషుల కథను, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను, గౌడజెట్టివారు గౌడులకు గౌడపురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబపురాణాన్ని పటం ముందు చెబుతారు.

ఈ వివరాలు పాఠకులకు తెలిసినవే. నేను దృష్టి పెట్టదలచినది పటం చుట్టగా ఉండడం మీద. ప్రదర్శనశాలలోనో గ్రంథంలోనో పటాన్ని పూర్తిగా పరిచి చూపుతారు. కథనంలో అది ఎప్పుడూ అలా కనబడదు. విప్పిన భాగంలో ఇప్పటి సంఘటన ఉంటుంది. జరిగిపోయినది ఒక చుట్టలోకి వెళుతుంది, జరగబోయేది ఇంకో చుట్టలో ఉంటుంది. కథకుడు కర్రతో ఒక బొమ్మను చూపేటప్పుడు సభ చూపంతా ఆ కర్ర కొసన నిలుస్తుంది. ఆటపెద్దకు రెండు వస్తువులు కావలసి వచ్చాయి. చూపడానికి పటం, దాచడానికి అట్టతెర. మన కథకుడికి ఆ రెండు పనులనూ ఒకే గుడ్డ చేసిపెట్టింది.

ఆ విద్యార్థి ప్రశ్నకు ఇక్కడ సమాధానం మొదలవుతుంది. తెలిసిన కథ అర్థం కావడానికి పటం అవసరం లేదు. తెలిసిన కథను ఇంకా జరగనట్టు ఉంచడానికి పటం కావాలి. వినేవాడికి ముగింపు తెలుసు, కానీ అది చుట్టలో ఉంది. పైగా కథకుడు ఒక పట్టీ దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు. దాతల ఇంటిపేర్లు, గోత్రాలు చదివి, కానుక వచ్చేదాకా చుట్ట విప్పకపోవచ్చు. కథ గమనం, కథకుడి బతుకుతెరువు రెండూ ఆ చుట్టలోనే ఉన్నాయి.

చిత్రకథనం మీద వచ్చిన పరిశోధన తక్కువేమీ కాదు. విక్టర్ మేయర్ 1988లో వెలువరించిన పెయింటింగ్ అండ్ పెర్ఫార్మెన్స్ గ్రంథం చైనా చిత్రకథనానికి భారతీయ మూలాలను వెదికింది. తెలుగులో ఆశ్రిత కులాల కథాగానాల మీద సిద్ధాంత గ్రంథాలు అనేకం వచ్చాయి. అయితే కథాపాఠాన్ని ముద్రించిన చోట పటం అనుబంధంలోని ఛాయాచిత్రంగా మిగులుతోంది, పటాన్ని ముద్రించిన చోట కథాపాఠం రెండు పేరాల సారాంశంగా మిగులుతోంది. ఏ పాదం దగ్గర చుట్ట విప్పాడు, ఎక్కడ కర్ర దించాడు, ఎక్కడ వెనక్కి చుట్టి మళ్ళీ చూపాడు అన్న సంగతులను పాఠం పక్కనే నమోదు చేసే పద్ధతిని మనం ఏర్పరచుకోలేదు. ఇవాళ చేర్యాలలో ఎక్కువగా అమ్ముడుపోయేవి గోడకు తగిలించే చిన్న చిత్రాలు. వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, కళాకారులకు ఆదాయం వచ్చింది, అందుకు సంతోషించాలి. కానీ చట్రంలో బిగించిన చిత్రానికి చుట్ట లేదు. ఆ చిత్రాన్నే చూసి పెరిగిన పరిశోధకుడు పటాన్ని చిత్రంగానే చదువుతాడు.

5. బొమ్మ

మందహెచ్చులవారు యాదవులకు కాటమరాజు కథ చెప్పేటప్పుడు వాడే బొమ్మలు కూడా చేర్యాల నకాశీల చేతిపనే. తేలికైన పునికి కర్రతో చేసి, రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో రూపం దిద్ది రంగులు వేస్తారు. కథలో పాత్ర వచ్చినప్పుడు బొమ్మను సభ ముందు నిలుపుతారు. యుద్ధక్రీడల చిన్నబొమ్మలకు దగ్గరగా వచ్చే వస్తువు మనకు ఇదే.

పోలిక అక్కడితో ఆగాలి. ఆటలో చిన్నబొమ్మ స్థానాన్ని చెబుతుంది. శత్రువుకు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడు, గోడ అడ్డముందా అన్నది దాని పని. మందహెచ్చుల బొమ్మ సన్నిధిని చెబుతుంది. అది నిలిచిందంటే వీరుడు వచ్చాడు. దానికి దూరాలతో పనిలేదు, వచ్చిన వీరుడికి మొక్కు ఉంది. పటం విషయంలోనూ అంతే. పాతబడిన పటాన్ని పారవేయరు, నీటిలో నిమజ్జనం చేస్తారు. పటం మీదా ఊళ్ళ మీదా కథకుడికి ఉన్న హక్కు మిరాశి. అది కులవ్యవస్థ నిర్ణయించినది, అడిగి పుచ్చుకునే స్థానంలో అతణ్ణి ఉంచినది కూడా. ఇటువంటి వస్తువును ఆటసామాను అని పిలిచేటప్పుడు నాకు సంకోచం ఉంది. పవిత్రతను తగ్గిస్తానన్న భయం కంటే, ఆ హక్కు వెనుక ఉన్న అసమానతను ఆట అనే మాట కప్పేస్తుందేమోనన్న భయం ఎక్కువ. అందుకే నిర్వహణ సామగ్రి అన్న మాటతోనే సరిపెట్టుకుంటున్నాను.

6. గవ్వ

పటం కథలో లేనిది పాచిక. అది మన ఇళ్ళలో, ఇంకో పటం మీద ఉంది. వైకుంఠపాళికి పరమపద సోపాన పటమని పేరు. కథ చెప్పే గుడ్డా పటమే, పాములూ నిచ్చెనలూ గీసిన ఆటగీతా పటమే, దేశపటమూ పటమే. తెలుగు ఈ మూడింటికీ ఒకే మాట వాడడం కాకతాళీయం అనిపించదు. మూడూ ఇప్పుడు ఎక్కడున్నామో వేలు పెట్టి చూపేవే. వైకుంఠపాళిలో పందెం ఉంది, ఆటగాడికి ఎంపిక లేదు. పటం కథలో పందెమూ లేదు, వినేవాడికి ఎంపికా లేదు. పాత్రధారణ క్రీడలో రెండూ ఉన్నాయి. మనకు ముందే ఉందనే వాదం ఈ మూడో మాట దగ్గర నిలవదు.

గవ్వల లెక్క మాత్రం ఆటపెద్దలు గమనించదగినది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తారు. చాలా చోట్ల వెల్లకిలా పడినవాటిని లెక్కిస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. గవ్వ రెండు వైపులా సమంగా పడుతుందని అనుకుంటే 16 వేతల్లో రెండు పడడం 6 సార్లు, ఒకటీ మూడూ చెరి 4 సార్లు, చెమ్మా అష్టా చెరొక్కసారి. ఇరవై ముఖాల పాచికలో ఏ ముఖానికైనా అవకాశం నూటికి 5. గవ్వల్లో సామాన్యం తరచుగా, అసామాన్యం అరుదుగా వస్తుంది. అది వచ్చినప్పుడు పేరు పెట్టి అరుస్తారు, పైగా మళ్ళీ వేసే హక్కు దొరుకుతుంది. కథలో అద్భుతం కూడా అరుదుగానే ఉండాలి కనుక, కథను నడపడానికి గవ్వ పాచిక కంటే అనువైనదని నాకు తోచింది.

7. తరగతిలో ఒక ప్రయత్నం

ఈ ఆలోచనలను పరీక్షించడానికి ఆరుగురు విద్యార్థులతో కాటమరాజు కథలోని పుల్లరి తగాదాను బల్ల చుట్టూ ఆడించాను. ఆధారం తంగిరాల వెంకటసుబ్బారావు సంపాదకత్వంలో వచ్చిన కాటమరాజు కథలు. పశువులకు చింతపిక్కలు, దొడ్లకు అగ్గిపెట్టెలు, పందేనికి నాలుగు గవ్వలు. పాత క్యాలెండరు కాగితాలను ఒకదాని కింద ఒకటి అంటించి, వెనుకవైపు బొమ్మలు గీసి చుట్టగా చుట్టాను. ఆటపెద్దను నేనే.

చింతపిక్కలు, అగ్గిపెట్టెలు ఎవరికీ ఇబ్బంది కలిగించలేదు. చుట్ట కలిగించింది. కాటమరాజు పాత్ర ధరించిన అమ్మాయి పుల్లరి చెల్లిస్తానంది. ఆ క్షణంలో నా చేతిలోని చుట్టలో యుద్ధం గీసి ఉంది. నల్లసిద్ధి తరఫున నేను ఒకదాని తరువాత ఒకటి అడ్డంకులు కల్పించి ఆమెను యుద్ధం వైపే నెట్టాను. చివరకు ఆమె నవ్వి, మీ కాగితంలో ఏముందో అదే చేయండి అంది. పటం కథకు ప్రాణమైన చుట్ట ఈ ఆటకు సంకెల అయింది. తరువాతి పట్టీలు ఖాళీగా ఉంచి, జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడు గీసి ఉంటే సరిపోయేది.

రెండో తప్పు ఇంకా పెద్దది. యుద్ధం నుంచి వెనుదిరిగి వచ్చిన ఖడ్గతిక్కన ఘట్టం మనకందరికీ తెలిసిందే. భార్య స్నానానికి నీళ్ళు పెట్టి, మంచం అడ్డుగా నిలిపి, పసుపు ముద్ద ఉంచుతుంది. తల్లి విరిగిన పాలు వడ్డిస్తుంది. చాటుపద్యాల రూపంలో ప్రసిద్ధమైన ఈ ఘట్టంలో వీరుణ్ణి తిరిగి యుద్ధానికి పంపినవి మాటలంత బలంగా ఈ మూడు వస్తువులు. భార్య పాత్ర ధరించిన విద్యార్థిని తన సంచిలోంచి పసుపురంగు సుద్దముక్క తీసి, ఏమీ అనకుండా, తిక్కన పాత్రధారి ముందు బల్లమీద పెట్టింది. అతడు చాలాసేపు దానివైపే చూశాడు. ఎవరూ మాట్లాడలేదు. పటం ముందు సభ నిలిచిపోయే క్షణం ఎలా ఉంటుందో అప్పుడు మా బల్ల దగ్గర ఉంది. నేను, నియమం ఉంది కదా అని, సిగ్గును తట్టుకుంటాడో లేదో గవ్వలు వేయమన్నాను. అష్టా పడింది. అందరూ ఒక్కసారి అరిచారు, నవ్వారు. తిక్కన హాయిగా ఇంట్లో ఉండిపోయాడు.

వస్తువు తన పని చేసిన చోట గవ్వకు పని లేదు. ఈ సంగతి ఏ ఆటపుస్తకంలోనైనా ఉండవచ్చు, కానీ నాకు సుద్దముక్క వల్ల తెలిసింది. అటువంటి చోట్లు మన కథల్లో ఎన్ని ఉన్నాయో వెదకదగినది. పల్నాటి కథలో కోడిపందెం, పాండవుల కథలో జూదం ఉన్నాయి. అక్కడ పందెమే కథను మలుపు తిప్పుతుంది. ఖడ్గతిక్కన ఘట్టంలో పందేనికి చోటు లేదు. కథలోని ఈ భేదాన్ని పాఠంగా చదివినప్పుడు నేను గమనించలేదు.

ఆట ముగిశాక సుద్దముక్క పెట్టిన విద్యార్థిని ఒక ప్రశ్న వేసింది. పసుపు మగవాడికి అవమానం ఎందుకు కావాలి, దాన్ని అతని ముందు పెట్టేటప్పుడు నాకే అవమానంగా అనిపించింది అంది. ఆ పద్యాలను ఎన్నో ఏళ్ళుగా వీరపత్ని ఔన్నత్యానికి ఉదాహరణగా చెబుతూ వచ్చాను. ఎక్స్ కార్డు వంటిది బల్ల మధ్యలో ఉండి ఉంటే ఆమె ఆ క్షణంలోనే దాన్ని తాకేదేమో. తరువాతి వారం అదే ఘట్టాన్ని మళ్ళీ ఆడాం. ఈసారి చుట్టలో తరువాతి పట్టీలు ఖాళీగా ఉంచాను, గవ్వలు సంచిలోంచి తీయలేదు. ఆమె మంచం నిలిపింది, నీళ్ళు పెట్టింది, పసుపు పెట్టలేదు. తిక్కన ఆ నీళ్ళతో స్నానం చేసి, అడగకుండానే కత్తి తీసుకుని వెళ్ళాడు.